సివిల్, పర్యావరణ ఇంజనీరింగులో డాక్టరేటు: ఏమేం కావాలి, మన పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు

పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన పిల్లవాడికి ఫీజు కట్టమంటే మన దాతల్లో ఎందుకని అడిగేవారు లేరు. ఇంటర్మీడియెట్‌కు అడిగినా అంతే, ఇంజనీరింగుకు అడిగినా అంతే. అదే పిల్లవాడు కొన్నేళ్ళ తర్వాత వచ్చి పిహెచ్.డి.లో సీటు వచ్చిందంటే మాత్రం ముఖాలు మారతాయి. ఇంకా ఎన్నాళ్ళు చదువుతాడు, ఉద్యోగం చూసుకోవచ్చు కదా, అబ్బాకు ఆసరాగా ఉండవచ్చు కదా అంటారు. అవి తప్పుడు ప్రశ్నలు కావు. డబ్బు ఇచ్చేవారికి అడిగే హక్కు ఉంది. అయితే జవాబు చెప్పేవారే మన సభల్లో తక్కువ. బడిలో ఈ పిల్లలకు లెక్కలూ సైన్సూ చెప్పి పైచదువులకు పంపుతున్న పంతుళ్ళం కనుక ఆ పని మేమే చేయాలనిపించింది.

సివిల్, పర్యావరణ ఇంజనీరింగునే ఎంచుకోవడానికి కారణం ఉంది. మన బస్తీల్లో మేస్త్రీలు, సెంట్రింగు పనివారు, రాడ్డు వంచేవారు, బోరు బండి వాళ్ళు, ప్లంబర్లు వీధికి నలుగురుంటారు. సిమెంటు, ఇసుక, నీళ్ళు అనే మాటల మధ్య పెరిగిన పిల్లలు సివిల్ బ్రాంచి తీసుకోవడం సహజం. కంప్యూటర్ బ్రాంచిలో సీటు రాక తీసుకున్నవాళ్ళూ ఉన్నారు, అది దాచవలసిన సంగతి కాదు. ఎలా చేరినా వాళ్ళలో ఒకరిద్దరు చివరిదాకా వెళ్ళగలవాళ్ళు ఉంటారు. వాళ్ళు ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారో తెలియాలంటే ముందు మెట్లు తెలియాలి.

తెలియని దాన్ని తెలుసుకునే చదువు

పిహెచ్.డి. అంటే ఎం.టెక్. తర్వాత ఇంకో రెండేళ్ళు క్లాసులో కూర్చోవడం అనుకుంటారు. కాదు. అప్పటిదాకా పిల్లవాడు చదివిందంతా ఎవరో ఒకరికి తెలిసిన విషయమే. ఇక్కడ మాత్రం లోకంలో ఎవరికీ తెలియని సంగతి ఒకటి, చిన్నదైనా సరే, తేల్చి చూపించాలి. ఆ సబ్జెక్టు తెలిసిన బయటివాళ్ళు పరీక్షించి ఇది కొత్తదే, నిజమే అని ఒప్పుకోవాలి. నియమాలన్నీ ఈ ఒక్క మాట చుట్టూ అల్లినవే.

మన నేల మీది ఉదాహరణ చెబుతాం. నల్లగొండ ప్రాంతపు బోరునీళ్ళలో ఫ్లోరైడు సంగతి తెలియనివారుండరు. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. అంతకు ఎక్కువున్న నీరు ఏళ్ళ తరబడి తాగితే ముందు పళ్ళు గారపడతాయి, తర్వాత ఎముకలు వంగిపోతాయి. ఈ నీటిని బాగుచేయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ (నీరి అంటారు) ఒక పద్ధతి తయారు చేసింది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు తగుపాళ్ళలో వేసి, కలియతిప్పి, తేర్చి, వడగట్టాలి. దాని పేరే నల్లగొండ విధానం. పర్యావరణ ఇంజనీరింగు పుస్తకం ఏ దేశానిదైనా ఫ్లోరైడు ప్రస్తావన వచ్చినచోట మన జిల్లా పేరు కనబడుతుంది.

బి.టెక్. విద్యార్థి ఈ పద్ధతి నేర్చుకుంటాడు, ఫలానా నీటికి ఎంత పటిక కావాలో లెక్క కడతాడు. ఎం.టెక్. విద్యార్థి నాలుగైదు ఊళ్ళ నీళ్ళు తెచ్చి, లెక్కకూ వాస్తవానికీ ఎంత తేడా వస్తోందో ప్రయోగశాలలో చూసి రిపోర్టు రాస్తాడు. పిహెచ్.డి. విద్యార్థి పని అక్కడ మొదలవుతుంది. శుద్ధి చేసిన నీటిలో కొంత అల్యూమినియం మిగిలిపోతుంది, దాన్ని ఎలా తగ్గించాలి? అడుగున తేరిన బురదలోకి ఫ్లోరైడు చేరింది, ఆ బురదను ఎక్కడ పారబోయాలి? వానకు కరిగి మళ్ళీ భూమిలోకే దిగితే చేసిన పని ఏమైనట్టు? ఇటువంటి ప్రశ్నల మీద ఇప్పటికే చాలామంది పని చేశారు. వాళ్ళు రాసినదంతా చదివి, ఇంకా మిగిలిన సందు ఎక్కడుందో వెతకడానికే మొదటి ఏడాది పడుతుంది. తర్వాత ప్రయోగాలు. చివరికి అనుకున్న పద్ధతి పనిచేయదని తేలవచ్చు. ఎందుకు పనిచేయదో గట్టిగా నిరూపించగలిగితే అది కూడా విద్యే.

పెద్ద భవనాల సంగతి కూడా ఇలాంటిదే. ఢాకాలో 1929లో పుట్టిన ఫజలుర్ రహ్మాన్ ఖాన్, ఒక లెక్కల మాస్టారి కొడుకు, ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద 1952లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి మూడేళ్ళలో రెండు మాస్టర్ డిగ్రీలు, స్ట్రక్చరల్ ఇంజనీరింగులో ఒక డాక్టరేటు సంపాదించారు. ఆకాశహర్మ్యాన్ని గొట్టంలాగా కట్టి గాలి ఒత్తిడిని బయటి గోడల చట్రమే మోసేటట్లు చేయవచ్చన్న ఆయన ఆలోచనే షికాగోలోని 110 అంతస్తుల సియర్స్ టవర్‌ను నిలబెట్టింది. మూడేళ్ళలో మూడు డిగ్రీలు అందరికీ సాధ్యం కాదు లెండి. మన దగ్గర చూస్తే, నాగార్జునసాగర్ నిర్మాణంతో పేరు ముడిపడిన డాక్టర్ కె.ఎల్. రావుగారు 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి. పొందినవారే.

చేరడానికి కావలసినవి

మన దేశంలో రెండు రకాల సంస్థలున్నాయి. ఉస్మానియా, జె.ఎన్.టి.యు.లు, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర వంటి విశ్వవిద్యాలయాలకు యు.జి.సి. 2022 నవంబరులో ప్రకటించిన పిహెచ్.డి. నిబంధనలు వర్తిస్తాయి. ఐ.ఐ.టి.లు, ఎన్.ఐ.టి.లు తమ సెనేటు చేసుకున్న నియమాల ప్రకారం నడుస్తాయి. వరంగల్ ఎన్.ఐ.టి., హైదరాబాద్, తిరుపతి ఐ.ఐ.టి.లు మన పిల్లలకు దగ్గరలో ఉన్నవి.

యు.జి.సి. లెక్కలో ఎం.టెక్.లో 55 శాతం ఉండాలి. నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం ఉంటే ఎం.టెక్. లేకుండా నేరుగా కూడా దరఖాస్తు చేయవచ్చు. ఎస్.సి., ఎస్.టి., క్రీమీ లేయర్ కాని ఓ.బి.సి., ఈ.డబ్ల్యు.ఎస్., దివ్యాంగ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. ఇక్కడ మనవాళ్ళు తరచూ తడబడే విషయం ఒకటుంది. రాష్ట్రంలో బి.సి.-ఇ ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన కేంద్ర సంస్థలో ఓ.బి.సి. అయిపోరు. కేంద్ర జాబితా వేరు. అందులో తమ పేరు లేని కుటుంబాలు ఆదాయం, ఆస్తి పరిమితులు సరిపోతే ఈ.డబ్ల్యు.ఎస్. ధ్రువపత్రానికి ప్రయత్నించవచ్చు. ఈ సంగతి ఇంటర్వ్యూ రోజున తెలిస్తే ఏమీ చేయలేం, తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగడానికి నెల ముందు కావాలి.

తర్వాతది గేట్ పరీక్ష. సివిల్‌కు ఒక పేపరు ఉంది. పర్యావరణ శాస్త్రం, ఇంజనీరింగు పేరుతో 2021 నుంచి విడిగా మరో పేపరు పెట్టారు. మూడు గంటలు, 100 మార్కులు, స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. బి.టెక్. మూడో ఏడాదిలో ఉన్నవాళ్ళు కూడా రాయవచ్చు. అమ్మాయిలకు ఫీజు సగమే. సివిల్ చదవనివాళ్ళకు కూడా పర్యావరణ ఇంజనీరింగులో తలుపు తెరిచే ఉంది. ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివిన వాళ్ళను తీసుకునే సంస్థలు చాలా ఉన్నాయి. మురుగునీటి శుద్ధి అంటే సగం రసాయనశాస్త్రం, సగం సూక్ష్మజీవుల పని కదా.

గేట్ దాటితే సంస్థ పెట్టే రాతపరీక్ష, ఇంటర్వ్యూ. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఆర్‌సెట్ అని ఉమ్మడి పరీక్ష ఉంది. ఇంటర్వ్యూలో అడిగేది మార్కుల గురించి కాదు, నువ్వు ఏ ప్రశ్న మీద పని చేస్తావని. మన పిల్లలు చాలామంది ఇక్కడే బిక్కమొహం వేస్తారు. పదహారేళ్ళు జవాబులు చెప్పడమే నేర్పాం, ప్రశ్న వేయడం నేర్పలేదు. ఈ మాట మా పంతుళ్ళ జాతి మొత్తానికీ వర్తిస్తుంది.

లోపల జరిగేది

చేరిన తర్వాత గైడు ఉంటారు. యు.జి.సి. నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 పిహెచ్.డి. విద్యార్థులకు మించి ఉండరాదు. కాబట్టి సీట్లు పరిమితం. మంచి గైడు దొరకడం కొంత అదృష్టం, కొంత ముందుగా ఉత్తరం రాసి మాట్లాడుకునే చొరవ.

మొదట కోర్సు వర్కు. కనీసం 12 క్రెడిట్ల పాఠాలు, పరీక్షలు ఉంటాయి. అందులో పరిశోధన నీతి గురించిన పేపరు తప్పనిసరి. 55 శాతం రాకపోతే ముందుకు కదలనివ్వరు. ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి.ల్లో దీని తర్వాత కాంప్రహెన్సివ్ అనే పెద్ద పరీక్ష ఉంటుంది. నలుగురైదుగురు ప్రొఫెసర్ల ముందు నిలబడి, బి.టెక్. మొదటి ఏడాది నుంచి చదివిందంతా అడిగినా చెప్పాలి. అది దాటితేనే అసలు పరిశోధకుడిగా గుర్తిస్తారు. అక్కడి నుంచి ప్రతి సెమిస్టరుకూ ఒకసారి సలహా సంఘం ముందు పని ఎంతవరకు వచ్చిందో చూపించాలి.

ఎన్నేళ్ళు? కోర్సు వర్కుతో కలిపి తక్కువలో తక్కువ మూడేళ్ళు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్ళు. మళ్ళీ నమోదు చేసుకుంటే మరో రెండేళ్ళు ఇస్తారు. ఇదంతా విని "ఆరేళ్ళా?" అని నిట్టూర్చే దాతలకు సివిల్ ఇంజనీరింగు తీరు గురించి కాస్త చెప్పాలి. కాంక్రీటు దిమ్మె పోసిన తర్వాత దాని బలం చూడాలంటే 28 రోజులు నీటిలో నానబెట్టి ఆగాలి. ఇది మన మేస్త్రీలకు కూడా తెలుసు. ఉప్పునీటిలో, ఆమ్లంలో ఆ కాంక్రీటు ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడాలంటే నెలలు, ఒక్కోసారి ఏడాది. దిమ్మెల్లో తేడా వస్తే మళ్ళీ మొదటికి. వరద మీద, చెరువుల మీద పని చేసేవాడికి ఒక వానాకాలం తప్పిందంటే ఏడాది పోయినట్టే. మురుగునీటిని శుద్ధి చేసే బాక్టీరియాను ప్రయోగశాల తొట్టిలో పెంచి స్థిరపరచడానికే నెలలు పడుతుంది. సెలవుల్లో హాస్టల్ కరెంటు పోయి పంపు ఆగితే అవి చచ్చిపోతాయి. కంప్యూటర్ ముందు కూర్చుని రాత్రింబవళ్ళు కష్టపడితే తొందరగా అయిపోయే పని కాదు ఇది. పండగకు ఇంటికి రాలేదని ఆ పిల్లల మీద అలగకండి.

పని పూర్తయ్యాక సినాప్సిస్ ఇచ్చి, అందరి ముందు ఉపన్యాసం చేసి, థీసిస్ సమర్పించాలి. రాసినదాంట్లో వేరేవాళ్ళ రాతలు ఎంత ఉన్నాయో సాఫ్ట్‌వేరుతో చూస్తారు. 2018లో యు.జి.సి. పెట్టిన నియమం ప్రకారం 10 శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు. 60 శాతం దాటితే నమోదే రద్దు. థీసిస్‌ను గైడుతో పాటు బయటి సంస్థలవాళ్ళు కనీసం ఇద్దరు చదువుతారు. వారిలో ఒకరు విదేశీయులు కావచ్చు. ఒకరు బాగులేదంటే ఇంకొకరికి పంపుతారు. ఆయనా కాదంటే థీసిస్ తిరస్కరించినట్టే. బాగుందంటే బహిరంగ వైవా. ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, ప్రశ్న అడగవచ్చు. 2016 నిబంధనల్లో థీసిస్ ఇచ్చేముందు జర్నల్‌లో ఒక పేపరు అచ్చుకావాలని ఉండేది. 2022లో ఆ షరతు తీసేశారు. కాని ఐ.ఐ.టి.లు తమ సొంత షరతులు పెట్టుకోవచ్చు. ఉద్యోగమిచ్చేవాళ్ళు పేపర్లు అడుగుతూనే ఉన్నారు.

అమ్మాయిల విషయం విడిగా చెప్పాలి. నిబంధనలు వాళ్ళకు మరో రెండేళ్ళు గడువు పెంచాయి, మొత్తం పదేళ్ళు మించకుండా. మధ్యలో కాన్పుకు, పిల్లల పెంపకానికి 240 రోజుల దాకా సెలవు తీసుకోవచ్చు. పెళ్ళయితే చదువు ఆగిపోయినట్టే అని పెళ్ళిచూపుల్లో అనేవాళ్ళకు ఈ రెండు అంకెలు చూపించండి. మాకు తెలిసిన ఒక అమ్మాయి నికా అయ్యాక, ఒడిలో బిడ్డతోనే కోర్సు వర్కు పరీక్షలు రాసింది. అత్తగారు హాస్టల్ పక్కన ఒక గది అద్దెకు తీసుకుని మూడు నెలలు బిడ్డను చూసుకున్నారు. ఆ అత్తగారికి బడి చదువు అయిదో తరగతే.

డబ్బు ఎక్కడ కావాలి

ఇది చదివే వారికి ముఖ్యమైన భాగం ఇదే. పిహెచ్.డి. మిగతా చదువుల్లాంటిది కాదు, చాలాచోట్ల విద్యార్థికే డబ్బు ఇస్తారు. కేంద్ర ఫెలోషిప్పులు 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ వచ్చినవాళ్ళకు మొదటి రెండేళ్ళు నెలకు 70,000, చివరి రెండేళ్ళకు అది 80,000 అవుతుంది. దాని ఎంపిక చాలా కఠినం. గేట్‌తో ఎం.టెక్. చేరినవాళ్ళకు నెలకు 12,400 వస్తుంది. ఈ డబ్బులోంచే సెమిస్టరు ఫీజు, హాస్టల్, మెస్సు కట్టుకోవాలి. ప్రతిఫలంగా జూనియర్లకు ల్యాబ్ చెప్పడం, పేపర్లు దిద్దడం వంటివి చేయాలి.

"మరి మా డబ్బు దేనికి?" అంటారు. వినండి. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరినవాళ్ళ పరిస్థితి వేరు. యు.జి.సి. నెట్‌లో సివిల్ ఇంజనీరింగు అనే సబ్జెక్టే లేదు, పర్యావరణ శాస్త్రం ఉంది. కనుక సివిల్ విద్యార్థికి ఆ దారిలో జె.ఆర్.ఎఫ్. రాదు. మైనారిటీ విద్యార్థుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి కేంద్రం నిలిపివేసింది. విదేశీ విద్యారుణాల మీద వడ్డీ భరించే పఢో పరదేశ్ పథకం కూడా అప్పుడే ఆగింది. వాటి గురించి ఎవరి అభిప్రాయం వారిది. మేం చెప్పేది ఒక్కటే: వాటిని నమ్ముకుని దరఖాస్తు చేయడానికి ఇప్పుడు వీలు లేదు.

ఫెలోషిప్ ఉన్నవాళ్ళకు కూడా మూడు చోట్ల గొంతు పట్టుకుంటుంది. మొదటిది, చేరే ముందు. బి.టెక్. అయిన పిల్లవాడు ఏడాది ఇంట్లో కూర్చుని గేట్‌కు చదువుతానంటే ఏ ఇంట్లో ఊరుకుంటారు? మా బడిలో చదివిన ఒక అబ్బాయి గేట్‌లో మంచి స్కోరు తెచ్చుకుని కూడా సైట్ ఇంజనీరుగా వెళ్ళిపోయాడు. వాళ్ళ అబ్బాకు ఆటో ఫైనాన్సు కంతులు ఉన్నాయి. స్కోరు మూడేళ్ళు చెల్లింది, కంతులూ మూడేళ్ళున్నాయి. రెండూ ఒకే ఏడాది అయిపోయాయి. అతనికి ఫీజు అక్కర లేదు, ఇంటికి నెలకు నాలుగైదు వేలు చేరితే చాలు. అది ఇచ్చే పద్దు మన సొసైటీల్లో దేనిలోనూ లేదు.

రెండోది, చేరిన మొదటి మూడు నాలుగు నెలలు. అడ్మిషన్ రోజునే ఫీజు, డిపాజిట్, మెస్సు అడ్వాన్సు కట్టాలి. స్టైపెండు ఆర్డరు వచ్చి, బ్యాంకులో పడేసరికి ఆలస్యం అవుతుంది. ఒకచోట చేరిన మా విద్యార్థికి మొదటి స్టైపెండు అయిదో నెలలో వచ్చింది. ఈలోగా వడ్డీకి తెచ్చిన అప్పు తీర్చడానికి మరో ఏడాది పట్టింది. ఇటువంటివాళ్ళకు సాయం కూడా అక్కర లేదు, వడ్డీ లేని చేబదులు చాలు. స్టైపెండు వచ్చాక తిరిగి ఇచ్చేస్తారు, ఆ డబ్బే వచ్చే ఏడాది ఇంకొకరికి తిరుగుతుంది.

మూడోది చివర. ఫెలోషిప్ సాధారణంగా అయిదేళ్ళకు మించి రాదు. థీసిస్ మాత్రం అప్పటికి ముగింపుకు రాకపోవచ్చు. సమర్పించిన తర్వాత కూడా పరీక్షకుల నివేదికలు వచ్చి వైవా జరిగేదాకా నెలలు పడతాయి. ఆరు నెలల్లో ముగించాలని నియమం ఉంది. ఆ మధ్యకాలంలో చేతిలో డిగ్రీ లేదు, ఫెలోషిప్ లేదు. ఇంట్లో చెల్లెలి పెళ్ళి ఉంటుంది. ప్రైవేటు కాలేజీలో చేరి రోజుకు నాలుగు క్లాసులు చెబుతూ థీసిస్ రాస్తానంటాడు. రాయడు. అయిదేళ్ళ పని అటకెక్కుతుంది. మొత్తం దారిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోందని మా అభిప్రాయం. ఎనిమిది నెలలు ఇల్లు గడిచే ఏర్పాటు చేస్తే ఒక డాక్టరేటు దక్కుతుంది.

విదేశాల మాట

అమెరికాలో సివిల్, పర్యావరణ ఇంజనీరింగును కలిపి ఒకే విభాగంగా నడిపే విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్‌ను చూద్దాం. అక్కడ డాక్టరేటుకు 135 యూనిట్లు పూర్తి చేయాలి. మాస్టర్ డిగ్రీ ఉంటే అందులోంచి 45 దాకా కలుపుతారు. రెండో ఏడాది ముగిసేలోగా అర్హత పరీక్ష దాటి అభ్యర్థిగా నమోదు కావాలి. థీసిస్‌ను ముగ్గురు సభ్యుల సంఘం చదువుతుంది. చివరి మౌఖిక పరీక్షలో కనీసం అయిదుగురు అధ్యాపకులుంటారు, అధ్యక్షత వహించేవారు వేరే విభాగం నుంచి వస్తారు. సొంత విభాగం వాళ్ళు తమ విద్యార్థి మీద మెతకగా ఉండకుండా ఈ ఏర్పాటు. ఆ విశ్వవిద్యాలయంలో పర్యావరణ ఇంజనీరింగుకు పునాది వేసిన పెర్రీ మెకార్టీ 1962లో అక్కడ చేరి, గాలి తగలనిచోట బాక్టీరియా మురుగును ఎలా విరగ్గొడుతుందో తేల్చినవారిలో ముఖ్యుడు. 2007లో ఆయనకు స్టాక్‌హోమ్ నీటి బహుమతి వచ్చింది.

మనవాళ్ళు గమనించవలసిన తేడా ఇక్కడ ఉంది. ఎం.ఎస్.కు వెళ్ళేవాళ్ళు చాలావరకు తమ డబ్బుతో, అంటే అప్పుతో వెళతారు. మంచి విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి.కి ఎంపికైతే మాత్రం సాధారణంగా ఫీజు వాళ్ళే భరించి, పరిశోధన సహాయకుడిగా జీతం కూడా ఇస్తారు. ఇల్లు తాకట్టు పెట్టి ఎం.ఎస్.కు పంపే తల్లిదండ్రులకు ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు. పిహెచ్.డి.కి ముందు కావలసిన ఖర్చు దరఖాస్తు ఫీజులు (ఒక్కోదానికి వంద డాలర్లు అటూ ఇటూ), ఇంగ్లీషు పరీక్ష, వీసా, విమానం టికెట్టు. తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం కింద 20 లక్షల రూపాయల దాకా సాయం ఉంది, కుటుంబ ఆదాయ పరిమితికి లోబడి. అయితే ముందు ఖర్చు పెట్టుకునేది విద్యార్థే.

కాగితాలు చూసి ఇవ్వండి

డాక్టరేటు పేరు చెప్పి మోసాలు జరుగుతున్నాయి కనుక దాతలు కొంచెం జాగ్రత్త పడాలి. సన్మాన సభలో శాలువాతో పాటు చేతిలో పెట్టే డాక్టరేటు వేరు, ఇది వేరు. డబ్బిస్తే థీసిస్ రాసిపెడతాం అనే ప్రకటనలు గోడల మీద కూడా కనబడుతున్నాయి. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పిహెచ్.డి. ఇచ్చే ఏర్పాటు యు.జి.సి. నిబంధనల్లో లేదు. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైముగా చేయవచ్చు, దానికి పనిచేసేచోటు నుంచి అనుమతి పత్రం కావాలి. అసలైన విద్యార్థి దగ్గర నమోదు ఉత్తరం, కోర్సు వర్కు మార్కుల పత్రం, సలహా సంఘం ప్రతి సెమిస్టరుకూ ఇచ్చే నివేదిక ఉంటాయి. ఆ నివేదిక ఒక్కటి అడిగితే చాలు, మాటలు అక్కర లేదు. ఆమోదం పొందిన థీసిస్ అయితే శోధ్‌గంగ అనే జాతీయ భాండాగారంలో ఉంటుంది, ఎవరైనా తెరిచి చూడవచ్చు.

మరో చిక్కు తేదీలది. మన సొసైటీలకు చందాలు ఎక్కువగా రంజాన్‌లో వస్తాయి, స్కాలర్‌షిప్పులు బడులు తెరిచే జూన్‌లో పంచుతాం. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, గేట్ జరగదు. దాని దరఖాస్తులు ఆగస్టు చివరిలోనో సెప్టెంబరులోనో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి.ల పిహెచ్.డి. ప్రకటనలు ఎక్కువగా మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తాయి. మళ్ళీ అక్టోబరు, నవంబరుల్లో కొన్ని. చేరేది జూలైలోనో జనవరిలోనో. అమెరికా దరఖాస్తులకు ఆఖరు తేదీలు డిసెంబరు చుట్టూ ఉంటాయి. కనుక జూన్‌లో మొత్తం పంచేయకుండా కొంత సొమ్ము విడిగా ఉంచాలి: సెప్టెంబరులో గేట్ ఫీజులకు, జూలై, జనవరుల్లో చేరేవాళ్ళ చేబదుళ్ళకు, థీసిస్ చివరిదశలో ఉన్న ఒకరిద్దరికి ఏడాది పొడుగునా. ఈ మూడో పద్దు కింద ఇప్పుడు మా దగ్గరికి వచ్చి పోతున్నవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరిది కాంక్రీటు, ఒకరిది మూసీ నీరు. ఇద్దరికీ ఫెలోషిప్ వచ్చే మార్చిలో ఆగిపోతుంది.